స్కేల్ మోడల్ బండికి వెలిగే లైట్లు: మొదటి కొలత నుంచి చివరి స్విచ్ దాకా

నేను మొదటిసారి లైట్లు పెట్టింది 1/24 స్కేల్ లారీకి, అంటే అసలు దానిలో 24వ వంతు సైజుది. క్యాబిన్‌కు నాలుగు పొరల రంగు వేసి, పాలిష్ పట్టి, హెడ్‌లైట్లలో 3 మి.మీ. ఎల్‌ఈడీలు రెండు అమర్చాను. గదిలో దీపం ఆర్పి స్విచ్ వేశాను. హెడ్‌లైట్లు వెలిగాయి. వాటితో పాటు బంపర్, గ్రిల్, బానెట్, చక్రాల పైన మడ్‌గార్డులు కూడా వెలిగాయి. ప్లాస్టిక్ గుండా వెలుతురు పాకి ముందు భాగమంతా లాంతరులా కనిపించింది. క్యాబిన్ అప్పటికే అతికించేశాను కాబట్టి లోపలికి చెయ్యి పెట్టే వీల్లేదు.

ఆ లారీ నేర్పినదే ఈ మార్గదర్శి అంతటా ఉంటుంది. ఎల్‌ఈడీని వెలిగించడం పదినిమిషాల పని. ఆ వెలుతురు బయటికి రావాల్సిన చోట మాత్రమే, రావాల్సినంత మాత్రమే వచ్చేలా చూడడానికే మిగతా సమయమంతా పడుతుంది. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ప్లాస్టిక్ కిట్ల గురించి. లోహపు డైకాస్ట్ మోడళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

ముందు అసలు బండిని చూడండి

బండి ఏ కాలానిది, ఏ దేశపు రోడ్ల మీద తిరిగింది అన్నది ముందు తేల్చుకోవాలి. లైట్ల రంగు, సంఖ్య, వెలిగే తీరు అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లు ఉండాలనేది నిబంధన. 1960ల ఫ్రెంచ్ కారుకు తెల్ల లైటు పెడితే తెలిసినవాళ్లు చూసిన క్షణంలో పట్టేస్తారు. అమెరికాలో 1940 మోడళ్ల నుంచి సీల్డ్ బీమ్ లైట్లే (బల్బు, రిఫ్లెక్టర్, అద్దం కలిపి ఒకే ముక్కగా మూసేసినవి) వాడాలన్నారు. మొదట 7 అంగుళాల గుండ్రటివి రెండు ఉండేవి. 1950ల చివరికి 5¾ అంగుళాలవి నాలుగు పెట్టే పద్ధతి వచ్చింది. ఈ నాలుగు లైట్ల కార్లలో ఒక సంగతి చాలామంది గమనించరు. లో బీమ్‌లో బయటి రెండే వెలుగుతాయి. లోపలి రెండూ హై బీమ్‌కే. మోడల్‌లో నాలుగూ ఒకేసారి వెలిగించారంటే మీ కారు హై బీమ్‌లో ఉన్నట్టు లెక్క.

వెనక వైపు కూడా ఇలాంటివే ఉన్నాయి. చాలా అమెరికన్ కార్లలో వెనక ఇండికేటర్ ఎర్రగానే ఉంటుంది, బ్రేక్ లైటే ఇండికేటర్‌గా మెరుస్తుంది. యూరప్ కార్లలో అది నారింజ రంగు. వెనక అద్దం దగ్గర మధ్యలో ఉండే మూడో బ్రేక్ లైటు అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. అందుకని 1970ల కారుకు అది పెట్టకూడదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ ట్రక్కు అయితే పూర్తి హెడ్‌లైటు వెలిగించడం కన్నా సన్నటి చీలికలోంచి వచ్చే బ్లాకౌట్ లైటు ఒక్కటి పెట్టడమే ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

తెలుపులోనూ తేడాలున్నాయి. పాత బల్బులు, హాలోజెన్ లైట్లు 3000 కెల్విన్ చుట్టుపక్కల ఉంటాయి, అంటే కాస్త పసుపు కలిసిన వెచ్చటి తెలుపు. జెనాన్ లైట్లు సుమారు 4300 కెల్విన్. ఇప్పటి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు 5500 నుంచి 6000 కెల్విన్, అంటే చల్లటి తెలుపు. ఎల్‌ఈడీలు కొనేటప్పుడు వార్మ్ వైట్, కూల్ వైట్ అని రెండు రకాలు కనిపిస్తాయి. హాలోజెన్ కాలం బండికి వార్మ్ వైటే తీసుకోండి. చేతిలో కూల్ వైట్ మాత్రమే ఉంటే ఎల్‌ఈడీ ముఖం మీద పల్చగా క్లియర్ ఎల్లో, దాంట్లో ఒక చుక్క క్లియర్ ఆరెంజ్ కలిపి పూస్తే సరిపోతుంది.

కొలతలు, ఎల్‌ఈడీ ఎంపిక

అసలు లైటు వ్యాసాన్ని స్కేల్‌తో భాగిస్తే మోడల్‌లో ఎంత ఉండాలో వస్తుంది. 7 అంగుళాల హెడ్‌లైటు అంటే 178 మి.మీ. అది 1/24లో 7.4 మి.మీ., 1/35లో 5.1 మి.మీ., 1/43లో 4.1 మి.మీ., 1/64లో 2.8 మి.మీ., 1/87లో 2 మి.మీ. అవుతుంది. ఇది బయటి అద్దం కొలత. లోపల రిఫ్లెక్టర్, దాని మధ్యలో బల్బు ఉన్నట్టు కనిపించాలి కాబట్టి ఎల్‌ఈడీ దీనికన్నా బాగా చిన్నదై ఉండాలి.

గుండ్రటి తలతో రెండు కాళ్లుండే ఎల్‌ఈడీలు 3 మి.మీ., 5 మి.మీ. సైజుల్లో వస్తాయి. 1/24 హెడ్‌లైట్లకు 3 మి.మీ. సరిపోతుంది. 5 మి.మీ.వి 1/16, అంతకన్నా పెద్ద బళ్లకే వాడతాను. మిగతా అన్నిటికీ ఎస్‌ఎండీ ఎల్‌ఈడీలే (కాళ్లు లేని బుల్లి చదునైనవి) మేలు. వీటి పేర్లే సైజులు చెబుతాయి, కాకపోతే అంగుళంలో వందో వంతుల్లో: 1206 అంటే 3.2 x 1.6 మి.మీ., 0805 అంటే 2 x 1.25 మి.మీ., 0603 అంటే 1.6 x 0.8 మి.మీ., 0402 అంటే 1 x 0.5 మి.మీ. చివరిది ఆవగింజ కన్నా చిన్నది. తుమ్మితే ఎగిరిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందే వైర్లు అతికించి అమ్మే 0603, 0402లు తీసుకోవడం మంచిది. సోల్డరింగ్ (సోల్డర్ లోహం కరిగించి వైర్లు అతికించడం) మీద చెయ్యి కుదిరాక విడివిడిగా కొనుక్కోవచ్చు.

రంగు విషయంలో ఒక గట్టి సలహా. ఎర్ర లెన్స్ వెనక తెల్ల ఎల్‌ఈడీ పెట్టకండి. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలి ఎల్‌ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ వెలుతురులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర లెన్స్ గుండా అది గులాబీ రంగులో, నీరసంగా వస్తుంది. ఎర్ర లెన్స్‌కు ఎర్ర ఎల్‌ఈడీ, నారింజ లెన్స్‌కు ఆంబర్ ఎల్‌ఈడీ పెడితే రంగు నిండుగా వస్తుంది.

కరెంటు ఎంత ఇవ్వాలి

ఎల్‌ఈడీకి రెసిస్టర్ (కరెంటును తగ్గించి అదుపులో ఉంచే భాగం) లేకుండా నేరుగా కరెంటు ఇవ్వకూడదు. వోల్టేజీ కొద్దిగా పెరిగినా దానిలో కరెంటు విపరీతంగా పెరిగి మాడిపోతుంది. లెక్క ఇది:

రెసిస్టర్ విలువ = (సప్లై వోల్టేజీ – ఎల్‌ఈడీ వోల్టేజీ) ÷ కరెంటు

ఎరుపు, ఆంబర్ ఎల్‌ఈడీలకు సుమారు 2 వోల్టులు, తెలుపు, నీలానికి సుమారు 3 వోల్టులు కావాలి. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులతో తెల్ల ఎల్‌ఈడీని 3 మిల్లీ ఆంపియర్ల దగ్గర వెలిగించాలంటే (5 – 3) ÷ 0.003 = 667 ఓంలు. దొరికే దగ్గరి విలువ 680 ఓంలు. 9 వోల్టుల బ్యాటరీతో అదే ఎల్‌ఈడీకి 2 కిలో ఓంలు.

చాలాచోట్ల 20 మిల్లీ ఆంపియర్లకు లెక్క కట్టమని రాసి ఉంటుంది. అది ఎల్‌ఈడీ తట్టుకునే కరెంటు, మోడల్‌కు కావాల్సిన కరెంటు కాదు. 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర 1/24 కారు హెడ్‌లైట్ వైపు చూడలేం. చూసినా చుట్టూ ఉన్న రంగు, క్రోమ్, మీరు కష్టపడి వేసిన ప్యానెల్ గీతలు ఏవీ కనిపించవు. నా అనుభవంలో హెడ్‌లైట్లకు 2 నుంచి 4 మిల్లీ ఆంపియర్లు, బ్రేక్ లైట్లకు 4 దాకా, టెయిల్ లైట్లకు ఒకటిలోపు, డాష్‌బోర్డ్ వెలుగుకు అర మిల్లీ ఆంపియర్ కన్నా తక్కువ చాలు.

అంకెలను గుడ్డిగా నమ్మనక్కర్లేదు. 390 ఓంల రెసిస్టర్‌కు వరసగా (ఒకదాని చివర ఇంకొకటి) ఒక 10 కిలో ఓంల పొటెన్షియోమీటర్, అంటే నాబ్‌తో విలువ మార్చగల రెసిస్టర్, కలిపి, ఎల్‌ఈడీని దాని లెన్స్ వెనక పట్టుకుని, మామూలు గది వెలుతురులో నాబ్ తిప్పుతూ చూడండి. సరిగ్గా ఉందనిపించిన చోట ఆపి, సప్లై తీసేసి, రెండూ కలిపి ఎన్ని ఓంలు ఉన్నాయో మల్టీమీటర్‌తో కొలవండి. ఆ దగ్గరి రెసిస్టరే మీకు కావాల్సింది. ఒక్కో రంగుకు ఒక్కసారి ఈ పరీక్ష చేస్తే చాలు. ఫోటోలు తీయడం ఇష్టమైతే కెమెరాతోనూ చూడండి. కంటికి బాగున్న వెలుగు ఫోటోలో తెల్లటి మచ్చగా మారిపోతుంటే ఇంకొంచెం తగ్గించాలి.

ప్రతి ఎల్‌ఈడీకీ దాని సొంత రెసిస్టర్ ఉండాలి. రెండు ఎల్‌ఈడీలను పక్కపక్కన (పాజిటివ్‌లు ఒకచోట, నెగెటివ్‌లు ఒకచోట) కలిపి ఒకే రెసిస్టర్ పెడితే, వాటి వోల్టేజీల్లో ఉండే చిన్న తేడా వల్ల ఒకటి ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా వెలుగుతుంది. జత హెడ్‌లైట్లలో ఆ తేడా వెంటనే తెలుస్తుంది. 9 వోల్టుల సప్లై ఉంటే రెండు తెల్ల ఎల్‌ఈడీలను వరసగా కలిపి ఒక రెసిస్టర్ పెట్టవచ్చు. రెండింట్లోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

సప్లై సంగతి క్లుప్తంగా. షోకేస్‌లో రోజూ వెలగాలంటే యూఎస్‌బీ 5 వోల్టులే సుఖం. బ్యాటరీ కావాలంటే మూడు ట్రిపుల్ ఏ సెల్స్ బండిని నిలబెట్టే పీఠంలో పెట్టండి. 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్లది. మొత్తం 8 మిల్లీ ఆంపియర్లు తీసుకునే కారును అది 60 గంటల దాకా నడుపుతుంది. సీఆర్2032 బటన్ సెల్ పరీక్షలకు బాగుంటుంది కానీ తెల్ల లైట్లకు త్వరగా నీరసిస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే బటన్ సెల్ పెట్టిన మూతకు స్క్రూ తప్పనిసరి. అది మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

కట్టడానికి ముందే వైర్ల దారి

కిట్ భాగాలను టేపుతో తాత్కాలికంగా కలిపి బండి ఆకారం చూడండి. ఒక కాగితం మీద బండిని పైనుంచి చూసినట్టు గీసి, ప్రతి లైటు నుంచి వైరు ఎటు వెళ్లి ఎక్కడ కిందికి దిగుతుందో గీయండి. హెడ్‌లైట్ల వైర్లు బానెట్ కింద ఫెండర్ లోపలి అంచు వెంబడి వెనక్కి రావచ్చు. పైకప్పు మీది లైటు వైరు ముందు అద్దం పక్క పిల్లర్ వెనకనుంచి దిగాలి. వెనక లైట్లవి డిక్కీ నేల కింద. అన్నీ చాసిస్ (బండి అడుగు చట్రం) మధ్యలో ఒకచోట కలిసి పీఠంలోకి దిగాలి. ఎగ్జాస్ట్ గొట్టం, వెనక యాక్సిల్ పక్క భాగం, టైరు నేలను తాకే చోటు, ఇవి వైర్లు దాచడానికి పనికొచ్చే చోట్లు.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. రెసిస్టర్లు బండిలో పెట్టాలా, పీఠంలో పెట్టాలా? నేను పీఠంలోనే పెడతాను. అన్ని ఎల్‌ఈడీల నెగెటివ్ కాళ్లు ఒకే వైరుకు కలిపి, పాజిటివ్ వైర్లు మాత్రం విడివిడిగా కిందికి తెస్తాను. వైర్లు ఎక్కువవుతాయి, నిజమే. కానీ బండి మొత్తం పూర్తయ్యాక ఒక లైటు మరీ ఎక్కువగా ఉందనిపిస్తే పీఠం మూత తీసి రెసిస్టర్ మార్చవచ్చు. అతికించిన బండిని విప్పాల్సిన అవసరం రాదు.

బాడీ, చాసిస్ విడదీయగలిగే కిట్ అయితే రెండింటి మధ్య వెళ్లే వైర్లకు 1.25 మి.మీ. పిచ్ (పిన్నుల మధ్య దూరం) బుల్లి కనెక్టర్ పెట్టండి. అది లేకపోతే వైర్లను కనీసం బాడీని ఎత్తి పక్కన పడుకోబెట్టగలిగినంత పొడవుగా వదలాలి.

రంధ్రాలు చేతి డ్రిల్‌తో, మెల్లగా చేయండి. కరెంటు డ్రిల్ వేడికి కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరిన్ కరిగి ముద్దవుతుంది. ముందు సూదితో గుర్తు పెట్టి, 0.5 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి, పెద్ద బిట్లకు వెళ్లాలి. హెడ్‌లైట్ రిఫ్లెక్టర్‌కు ముందు వైపు నుంచి, సరిగ్గా నడుమన.

సోల్డరింగ్

సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేస్తుంది. పాలీస్టైరిన్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అందుకని సోల్డరింగ్ అంతా బల్ల మీదే పూర్తి చేసి, ఆ తర్వాతే ఎల్‌ఈడీలను బండిలో పెట్టాలి. బండి లోపల ఐరన్ పెట్టే పరిస్థితి వస్తే ప్లాన్‌లోనే పొరపాటు ఉందని అర్థం.

చిన్న ఎల్‌ఈడీలకు 0.1 మి.మీ. ఎనామెల్ రాగి తీగ వాడండి. దాని మీద కంటికి కనిపించని లక్క లాంటి పూత ఉంటుంది. ఆ పూతే ఇన్సులేషన్. చాలా రకాల తీగలకు అది 380 నుంచి 400 డిగ్రీల వేడికి కరిగిపోతుంది. ఐరన్ మొన మీద ఒక బొట్టు సోల్డర్ పెట్టి, తీగ చివరి 2 మి.మీ. అందులో రెండు మూడు సెకన్లు ముంచితే పూత పోయి వెండి రంగు అంటుకుంటుంది. అంటుకోకపోతే బ్లేడుతో మెల్లగా గీకండి. ఆ పొగ పీల్చవద్దు, కిటికీ తెరిచి ఉంచండి.

ఎస్‌ఎండీ ఎల్‌ఈడీని పట్టకారుతో పట్టుకుని సోల్డర్ చేయాలని చూస్తే నరాలు తెగుతాయి. ఒక టైల్ ముక్క మీద రెండు వైపులా అంటుకునే టేపు వేసి, ఎల్‌ఈడీని బోర్లా అతికించండి. రెండు కొసల మీద ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసే పేస్టు) రాసి, ఒక్కో కొసకు సూదిమొనంత సోల్డర్ తగిలించండి. సోల్డర్ పట్టిన తీగను దాని మీద ఆనించి ఐరన్‌తో ఒక్క సెకను తాకితే అతుక్కుంటుంది. అంతకన్నా ఎక్కువసేపు పెడితే ఎల్‌ఈడీ పాడవుతుంది. భూతద్దం ఉంటే పని సగమవుతుంది. అతికిన వెంటనే సీఆర్2032కు 470 ఓంల రెసిస్టర్ కలిపి వెలిగించి చూడండి. గుర్తుగా పాజిటివ్ తీగ చివర ఒక ముడి వేయండి. ఎల్‌ఈడీ వెనక ఒక చుక్క యూవీ జిగురు (అతినీలలోహిత కాంతికి గట్టిపడేది) వేస్తే తీగ లాగినా ఊడిరాదు. ఆ తర్వాత రెండు తీగలనూ కలిపి మెలిపెట్టండి.

పాజిటివ్ ఏదో గుర్తుపట్టడానికి కాళ్లుండే ఎల్‌ఈడీలో పొడవు కాలు చూడాలి. అంచు చదునుగా ఉన్న వైపు నెగెటివ్. ఎస్‌ఎండీలకు సాధారణంగా నెగెటివ్ వైపు ఆకుపచ్చ గుర్తు ఉంటుంది కానీ అన్ని తయారీలకూ అది ఒకేలా ఉండదు. వెలిగించి చూడడమే నమ్మకమైన పద్ధతి.

వెలుతురును ఆపడం

ఇది రంగు వేయకముందే చేయాలి. నా లారీ విషయంలో జరిగిన తప్పు ఇదే.

బాడీ షెల్‌ను చీకటి గదిలోకి తీసుకెళ్లి, లోపల ఒక ఎల్‌ఈడీ వెలిగించి పట్టుకోండి. ఎక్కడెక్కడ ప్లాస్టిక్ మెరుస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తెలుపు, పసుపు, ఎరుపు ప్లాస్టిక్‌లో కిట్ వస్తే దాదాపు అంతా మెరుస్తుంది. ఆ చోట్లన్నిటికీ లోపలి వైపు మ్యాట్ నలుపు రెండు పొరలు వేయండి. ఒక పొర ఆరాక మళ్లీ చీకట్లో చూసి, ఇంకా పిన్నుమొనంత వెలుగు కనిపించే చోట ఇంకో పొర వేయాలి. నలుపు పూర్తయ్యాక, ఎల్‌ఈడీ ఉండే గూడు లోపల మాత్రం దాని మీద వెండి రంగు లేదా తెలుపు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, వెండి ముందుకు తోస్తుంది. వరస తారుమారు చేస్తే వెలుతురు ఆ గూడులోనే చచ్చిపోతుంది.

రంగు చాలని చోట అల్యూమినియం ఫాయిల్ టేపు వాడవచ్చు. అది ఒక్క పొరతోనే వెలుతురును పూర్తిగా ఆపుతుంది. కానీ అది కరెంటును కూడా ప్రవహింపజేస్తుంది. ఎల్‌ఈడీ కాళ్లు దాన్ని తాకితే షార్ట్. కిట్‌తో వచ్చే క్రోమ్ పూత భాగాలకూ ఇదే జాగ్రత్త కావాలి, ఆ మెరుపు కూడా పల్చటి లోహపు పొరే. కాళ్ల మీద కాప్టన్ టేపు (కరెంటును ఆపే, వేడిని తట్టుకునే టేపు) ముక్క గానీ హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకునేది) గానీ వేయండి.

3 మి.మీ. ఎల్‌ఈడీకి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. నల్ల హీట్ ష్రింక్ గొట్టంలో ఎల్‌ఈడీని దూర్చి, తల ముందు భాగం మాత్రమే బయట ఉంచి, బల్ల మీదే వేడి చేసి బిగించండి. పక్కలనుంచి, వెనకనుంచి వెలుతురు బయటికి రానే రాదు. గూడుకు నలుపు వేసే పని కూడా సగం తగ్గుతుంది. తల గుండ్రంగా ఉంటే వెలుతురు ఒకే గీతలా పోతుంది. దాన్ని సన్నటి ఇసుక కాగితంతో చదునుగా రుద్దితే లెన్స్ అంతటా సమంగా పరుచుకుంటుంది.

భాగాలు కలిసే సందులు ఆఖరి శత్రువులు. హెడ్‌లైట్ గిన్నె, ఫెండర్ మధ్య తల వెంట్రుకంత సందు చాలు, రాత్రిపూట అదొక తెల్ల గీతలా కనిపిస్తుంది. చిక్కటి నల్ల అక్రిలిక్ రంగును పుల్లతో వెనకనుంచి సందులో నింపండి. పక్కపక్కనే ఇండికేటర్, టెయిల్ లైటు ఉంటే వాటి మధ్య నల్ల ప్లాస్టిక్ ముక్కతో గోడ కట్టాలి. లేకపోతే ఇండికేటర్ మెరిసినప్పుడల్లా ఎర్ర లెన్స్ కూడా మెరుస్తుంది.

లెన్సులు, ఫైబర్ ఆప్టిక్

ఎర్ర, నారింజ లెన్సులు కిట్‌లో రంగు లేకుండా పారదర్శకంగా వస్తే టామియా కంపెనీ క్లియర్ రెడ్ ఎక్స్-27, క్లియర్ ఆరెంజ్ ఎక్స్-26 లాంటి పారదర్శక రంగులు లెన్స్ వెనక వైపు పూయండి. ముందు వైపు గాజులా నున్నగా మిగులుతుంది. లెన్సులను సూపర్ గ్లూతో అతికించకండి. దాని ఆవిరి తెల్లటి పొగమంచులా లెన్స్ మీద పేరుకుంటుంది, తుడిచినా పోదు. ఎండితే పారదర్శకమయ్యే తెల్ల జిగురు గానీ యూవీ జిగురు గానీ వాడాలి.

ఎల్‌ఈడీ కూడా పట్టని చోట్లకు ప్లాస్టిక్ ఫైబర్ తీగ ఉంది. 0.25, 0.5, 0.75, 1 మి.మీ. మందాల్లో దొరుకుతుంది. లారీ పైకప్పు మీది మార్కర్ లైట్లు, డాష్‌బోర్డ్ మీటర్లు, 1/87 బస్సు ఇండికేటర్లు దీనితోనే సాధ్యం. ఒక చివర లైటు ఉండాల్సిన రంధ్రంలో, ఇంకో చివర ఎక్కడో దాచిన ఎల్‌ఈడీ ముందు ఉంటుంది. ఎల్‌ఈడీ, తీగల గుత్తి రెండింటినీ కలిపి నల్ల గొట్టంలో బిగిస్తే ఒక్క ఎల్‌ఈడీతో అయిదారు లైట్లు వెలుగుతాయి.

తీగ చివరను కొత్త బ్లేడుతో నిటారుగా కోయాలి. ఆ చివరను వేడి ఐరన్‌కు తాకించకుండా, దగ్గరగా ఒకటి రెండు సెకన్లు పడితే అది కరిగి చిన్న పుట్టగొడుగు తలలా ఉబ్బుతుంది. అదే మీ బల్బు లెన్స్. తల బయట ఉండేలా తీగను ముందునుంచి రంధ్రంలోకి దూర్చండి. మలుపుల దగ్గర తొందరపడవద్దు. తీగ మందానికి దాదాపు పది రెట్ల వ్యాసార్ధం కన్నా ఇరుకుగా వంచితే వెలుతురు ఆ మలుపు దగ్గరే కారిపోతుంది, ఒక్కోసారి తీగ విరుగుతుంది. దీనికి కూడా సూపర్ గ్లూ పడదు, తీగ పెళుసుబారుతుంది.

బ్రేక్ లైటు, ఇండికేటర్లు

చాలా పాత బళ్లలో టెయిల్, బ్రేక్ రెండూ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. యూరప్‌లో వాడిన మామూలు బల్బులో అవి 5 వాట్లు, 21 వాట్లు. అంటే బ్రేక్ వేసినప్పుడు తేడా స్పష్టంగా తెలియాలి. మోడల్‌లో ఒకే ఎర్ర ఎల్‌ఈడీకి రెండు దారులు ఇవ్వండి. 4.7 కిలో ఓంల రెసిస్టర్ ద్వారా టెయిల్ స్విచ్, 820 ఓంల రెసిస్టర్ ద్వారా బ్రేక్ స్విచ్. 5 వోల్టులతో మొదటిది 0.6 మిల్లీ ఆంపియర్లు, రెండోది దాని మీద ఇంకో 3.7 ఇస్తుంది.

ఇండికేటర్లకు 555 టైమర్ ఐసీ (లైటును లయగా వెలిగించి ఆర్పే చిప్) చాలు. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించిన ఈ ఎనిమిది కాళ్ల చిప్ ఇప్పటికీ తయారవుతూనే ఉంది. చాలా దేశాల నిబంధనల్లో ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరవాలి. కింద చెప్పిన విలువలతో నిమిషానికి దాదాపు 83 సార్లు మెరుస్తుంది.

1వ కాలు నెగెటివ్‌కు, 8, 4 కాళ్లు పాజిటివ్‌కు కలపండి. 8, 7 మధ్య 10 కిలో ఓంలు, 7, 6 మధ్య 47 కిలో ఓంలు పెట్టండి. 2, 6 కాళ్లను ఒకదానితో ఒకటి కలిపి, అక్కడినుంచి నెగెటివ్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాసేపు కరెంటును నిల్వ ఉంచే భాగం) పెట్టండి. 5వ కాలు నుంచి నెగెటివ్‌కు 0.01 మైక్రోఫారడ్. 3వ కాలే అవుట్‌పుట్. ఎడమ వైపు ముందు, వెనక ఎల్‌ఈడీలకు ఒక స్విచ్, కుడి వైపుకు ఒకటి. రెండూ వేస్తే హజార్డ్ లైట్లు. 5 వోల్టుల సప్లైతో మామూలు 555 అవుట్‌పుట్ మూడు వోల్టుల పైచిలుకే వస్తుంది. ఆంబర్ ఎల్‌ఈడీకి అది చాలు, కాకపోతే రెసిస్టర్ లెక్క 5 వోల్టులకు కాకుండా ఆ వోల్టేజీకి వేయాలి. 470 ఓంలు పెడితే 3 మిల్లీ ఆంపియర్ల దగ్గర వస్తుంది.

పాత బల్బు ఎల్‌ఈడీలా ఠక్కున వెలిగి ఠక్కున ఆరదు. ఫిలమెంట్ వేడెక్కడానికి, చల్లారడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. 1970ల కారు ఇండికేటర్ ఆ మెత్తదనం లేకపోతే బొమ్మలా ఉంటుంది. 470 ఓంల బదులు 220 ఓంలవి రెండు వరసగా పెట్టి, రెండూ కలిసే చోటు నుంచి నెగెటివ్‌కు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి. వెలుగు నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతుంది. ఇంత చిన్న మార్పుతో బండికి వచ్చే ప్రాణం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఏటీటైనీ85 లాంటి, ప్రోగ్రాం రాసి నడిపించే బుల్లి చిప్‌తో ఇవన్నీ, అంబులెన్స్ జంట మెరుపులతో సహా, ఒక్కదానిలోనే చేసుకోవచ్చు.

డైకాస్ట్ మోడళ్లు

లోహపు బాడీ గుండా వెలుతురు రాదు, అది పెద్ద సౌకర్యం. కానీ బాడీ అంతా కరెంటు దారే. రంధ్రం అంచుకు ఎనామెల్ తీగ రాసుకుంటే పూత లేచి షార్ట్ అవుతుంది. ప్రతి రంధ్రాన్నీ వెనక వైపు నుంచి కొంచెం వెడల్పు చేసి అంచు నున్నగా చేయండి, తీగకు సన్నటి గొట్టం తొడగండి. బాడీనే నెగెటివ్ వైరుగా వాడదామనే ఆలోచన వస్తుంది. రంగు పొరల వల్ల ఆ కనెక్షన్ ఒకరోజు పనిచేసి ఇంకోరోజు పనిచేయదు, వద్దు.

బిగించడం

ఎల్‌ఈడీలు పెట్టి, వైర్లను చాసిస్ వెంబడి తెల్ల జిగురుతో చుక్కలు చుక్కలుగా అతికించండి. ఒక్కో ఎల్‌ఈడీ అమర్చిన వెంటనే వెలిగించి చూడాలి. అయిదు పెట్టాక చూస్తే ఏది తెగిందో వెతకడం టెన్షన్. వెలగని ఎల్‌ఈడీ కనిపిస్తే ముందు పాజిటివ్, నెగెటివ్ తారుమారయ్యాయేమో చూడండి, తర్వాత తీగ పూత సరిగా పోయిందో లేదో చూడండి. నాకు ఎదురైన వాటిలో ఎక్కువ భాగం ఈ రెండే. అన్నీ మసకగా వెలుగుతుంటే ఎక్కడో షార్ట్ ఉంది లేదా బ్యాటరీ అయిపోయింది.

స్విచ్ కనిపించకూడదనుకుంటే పీఠం చెక్క కింద రీడ్ స్విచ్ పెట్టండి. అది గాజు గొట్టంలో ఉండే రెండు రేకులు, అయస్కాంతం దగ్గరికి వస్తే కలుస్తాయి. పీఠం పక్కన ఒక రాయి గానీ మైలురాయి గానీ పెట్టి దాని కింద చిన్న అయస్కాంతం దాస్తే, ఆ రాయి జరిపితే లైట్లు వెలుగుతాయి. రీడ్ స్విచ్ కాళ్లు వంచేటప్పుడు గాజుకు ఆనుకుని వంచవద్దు, పగులుతుంది. కొంచెం దూరంలో పట్టకారుతో పట్టుకుని వంచాలి.

బాడీని చాసిస్‌కు అతికించే ముందు అన్ని లైట్లూ వేసి ఒక రాత్రంతా వదిలేయండి. సరిగా అతకని సోల్డర్, పల్చటి ఇన్సులేషన్ ఉంటే ఈలోపే బయటపడతాయి. తెల్లారాక గది చీకటి చేసి బండి చుట్టూ అన్ని కోణాల నుంచి, కింద నుంచి కూడా ఒకసారి చూడండి. ఎక్కడా వెలుగు కారడం లేదని నమ్మకం కుదిరాకే జిగురు తీయండి. చివరగా ఒక చిన్న కాగితం మీద ఏ రంగు వైరు ఏ లైటుది, దాని రెసిస్టర్ ఎంత, సప్లై ఎన్ని వోల్టులు అని రాసి పీఠం మూత లోపలి వైపు అతికించండి. మూడేళ్ల తర్వాత ఆ మూత తీసేది మీరే అయినా, అప్పటికి ఈ లెక్కలేవీ గుర్తుండవు.